దైవాశీర్వాదం మెడలో పెట్టె

సోమవారం పొద్దుటికని సుందర్ రాజ్ వేసుకున్న ప్లాన్ చిన్నదే. పది గంటలకు యజమాని ఎదుట క్రేన్ ఆగిపోవాలి, దైవాశీర్వాదం ముఖం మాడిపోవాలి. అంతకుమించి ఆశించలేదు.

అమెరికాలో నేపర్‌విల్ ఊరి దగ్గరి ఉక్కు గోడౌన్‌లో ఆరేళ్లుగా క్రేన్ నడిపింది సుందర్ రాజే. పైనుంచి వేలాడే తీగ చివర బొత్తాల డబ్బా పట్టుకుని సరుకు వెంటే నడిచేవాడు. 1983లో తీగ లేకుండానే క్రేన్ నడిపే రేడియో పెట్టె వచ్చింది. నిన్నగాక మొన్న చేరిన దైవాశీర్వాదం దాన్ని మెడకు తగిలించుకుని, దూరంగా నిలబడి, వేలితో పది టన్నులు లేపుతున్నాడు. సుందర్ రాజ్‌కు దక్కింది దాని బ్యాటరీలు రెండూ ఛార్జింగ్‌లో పెట్టే పని. ఆ పెట్టె కనబడితే చాలు, అతని కడుపు మండిపోయేది.

ఆదివారం ఆ మంట నెత్తికెక్కింది. కొత్త కారుకు చేయించినట్టే దైవాశీర్వాదం ఆ పెట్టెను తెలుగు చర్చికి తెచ్చి పాస్టర్‌గారి చేత ప్రార్థన చేయించాడు. సుందర్ రాజ్ కూడా ఆమెన్ అనవలసి వచ్చింది. ఈ వైభోగం సంగతి అతనికి శుక్రవారమే తెలుసు. అందరూ భోజనాల దగ్గరుండగా పెట్టెలోని నిండు బ్యాటరీ తీసేసి, జేబులో తెచ్చుకున్న అయిపోవచ్చిన బ్యాటరీ పెట్టాడు. నిండుదాన్ని భార్య విమలకుమారి పులిహోర గిన్నె సంచిలో అడుగున దాచాడు.

అనుకున్నట్టే పదింటికి ఉక్కు చుట్ట లేచింది, కొంతదూరం సాగింది, ఆగిపోయింది. పెట్టె మూగబోతే క్రేన్‌కు బ్రేకులు వాటంతటవే పడతాయి. కాకపోతే చుట్ట ఆగింది సరిగ్గా ట్రక్కు డ్రైవర్ నెత్తిమీద. ఆయన లోపల కూర్చుని సాండ్‌విచ్ తింటున్నాడు. దైవాశీర్వాదం కంగారుపడకుండా ఆయన్ను దింపించి, చుట్టూ తాడు కట్టించి, రెండో బ్యాటరీ తెమ్మన్నాడు. ఛార్జర్ ఖాళీ. యజమాని కెల్లర్ చూపు సుందర్ రాజ్ మీదికి తిరిగింది.

అతను చెమటలు కక్కుతూ ఇంటికి ఫోన్ చేసి, పులిహోర సంచిలోని నల్లడబ్బా అర్జెంట్‌గా తెమ్మన్నాడు.

"అదా అండీ? నిన్న ప్రార్థన చేసిన పెట్టెలోదే కదా అని పొద్దున్నే జ్ఞానమ్మ వాళ్లింట్లో డ్రాప్ చేసి వచ్చాను" అంది విమలకుమారి.

జ్ఞానమ్మ సాక్షాత్తు దైవాశీర్వాదం భార్య. కబురందగానే అరగంటలో కారేసుకుని వచ్చి, బ్యాటరీ భర్త చేతికిచ్చి, అది ఎవరి సంచిలో దొరికిందో అందరికీ ఇంగ్లీషులో విడమరిచి చెప్పింది. ఉద్యోగం ఊడినట్టేనని సుందర్ రాజ్ సిగ్గుతో తల దించుకున్నాడు.

కెల్లర్ అడగకముందే దైవాశీర్వాదం కల్పించుకున్నాడు. బ్యాటరీ ఒకటి బయట ఉంచమన్నది తనేనని, నిండుదేదో చూసుకోకపోవడం తన తప్పేనని చెప్పాడు. తర్వాత సుందర్ రాజ్ చెవిలో మెల్లగా, "ఇప్పుడు అనండి బ్రదర్, ఆమెన్" అన్నాడు.

ఇంత నిదానం గలవాడు కింద ఉండకూడదని కెల్లర్ అప్పటికప్పుడే తేల్చాడు. దైవాశీర్వాదాన్ని మేడమీద అద్దాల గదిలోని సేఫ్టీ ఆఫీసుకు పంపి, పెట్టెను సుందర్ రాజ్‌కు అప్పగించాడు.

ఇన్నాళ్లూ కోరుకున్న పెట్టె మెడలో పడింది. ఆరు పౌండ్లు. పట్టీ మెడ కోస్తుంటే సుందర్ రాజ్ తలెత్తి అద్దాల గది వైపు చూశాడు.

దైవాశీర్వాదం కుర్చీకి చక్రాలు కూడా ఉన్నాయి.