కిడ్నీ ముక్కకు ఐసు తీర్మానం

సమ్మెలు పిలిచే నాయకుల్లారా, తప్పంతా మీదే! మీది అంటే మాది కూడా. మైకు చేతికొస్తే మనకు ముందూ వెనుకా కనబడవు. నమ్మకపోతే మొన్న ఎనభై మూడులో మా ఐస్ ఫ్యాక్టరీ సంఘం కార్యదర్శి జ్ఞానశేఖర్‌కు జరిగింది వినండి.

ఆ ఉదయం అతని పని చాలా చిన్నది. బడిలో టీచరైన భార్య ఫ్లోరెన్స్‌కు మొహం, కాళ్ళు వాచాయి. మూత్రంలో ప్రోటీన్ పోతోంది. సీతమ్మధారలో ఓ ఆసుపత్రిలో డాక్టర్ ప్రేమలీల ఆమె కిడ్నీలోంచి సూదితో చిన్న ముక్క తీసి సీసాలో పెట్టింది.

"ఇది మద్రాసు వెళ్ళాలి. కిడ్నీలో రక్తాన్ని వడకట్టే చోట ఏ ప్రోటీన్లు పేరుకున్నాయో అక్కడ చూస్తారు. దాన్నిబట్టి జబ్బు మందులకు లొంగుతుందా, కిడ్నీలు పాడవుతాయా అన్నది కొంత ముందే తెలుస్తుంది. ముక్క మాత్రం చల్లగా ఉండాలి. రాత్రంతా కరెంటు లేక మా ఫ్రిజ్‌లో ఐసు నీళ్ళయిపోయింది. ముక్క కాసేపు ఆగుతుంది గాని, మద్రాసు బండి టైముకి ఐసు తెండి," అంది డాక్టరు.

"ఐసా! నాను ఐసు సంఘం సెక్రటరీనండీ," అని నవ్వి, జ్ఞానశేఖర్ ఖాళీ ఫ్లాస్కుతో సైకిలెక్కాడు. తను పిలిచిన సమ్మె తనకే అడ్డొస్తుందని అతనికి తోచనే లేదు.

జాలరిపేట పక్కన ఫ్యాక్టరీ గేటుకు సమ్మె కాపలా కాస్తున్న కార్మికుడు వరహాలు చేతులు అడ్డం పెట్టాడు.

"ఏటి బావా, ఫ్లాస్కు తెచ్చినావు? మాకు టీయా?"

"టీ కాదెహె. ఓ గడ్డ ఐసు కావాల. మా ఇంటిదానికి టెస్టు."

"నిన్న మైకులో నువ్వేటి సెప్పినావు? 'నా పెళ్ళాం వొచ్చి ఏడిసినా ఐసు ముక్క బయటికెళ్ళనీకండి' అన్నావా లేదా?"

"అన్నాను. అది స్పీచి, బావా!"

"మేం సప్పట్లు కొట్టినాం. ఇప్పుడది రూలు."

జ్ఞానశేఖర్ ప్రోటీన్ల సంగతి వివరించబోయాడు. వెనుక నుంచి చలమయ్య అనే కార్మికుడు అడ్డొచ్చాడు.

"ప్రోటీనంటే గుడ్లూ సేపలూ. ఒంట్లో ఉంటే మంచిదే కదేటి?"

"ఉండాల్సిన సోట ఉంటే మంచిదే. నువ్వు మిషను దగ్గరుంటే మంచోడివి. నా నెత్తి మీద కూకుంటే?"

మా సంఘంలో తుమ్మాలన్నా తీర్మానం కావాలి. ఆ నియమం పెట్టిందీ అతనే. కాబట్టి గేటు ముందే సమావేశం మొదలైంది. ఒకడు ప్రపంచ కార్మికుల దగ్గర ఎత్తుకున్నాడు. ఇంకొకడు, ఐసు ఇవ్వొచ్చు గాని యాజమాన్యం ఐసు ఇవ్వకూడదని సవరణ తెచ్చాడు. లోపలున్నదంతా యాజమాన్యం ఐసే కాబట్టి చర్చ ముదిరింది.

గొడవ విని యజమాని శ్రీరామ్మూర్తి స్వయంగా గోనెలో ఐసు గడ్డ పట్టుకొచ్చాడు. "తీసుకోండి శేఖర్ గారూ. ఇంట్లో కష్టమొస్తే మాతో చెప్పొద్దూ?"

అంతే.

"అమ్ముడైపోనాడ్రా!" అని ఎవడో కేక పెట్టాడు. "జ్ఞానశేఖర్!" అని వరహాలు పిడికిలెత్తాడు. "డౌన్ డౌన్!" అని అందరికన్నా గట్టిగా అరిచినవాడు జ్ఞానశేఖరే. ఏళ్ళ తరబడి అలవాటు మరి.

అక్కడికక్కడే వరహాలు కొత్త కార్యదర్శి అయ్యాడు. మాజీ కార్యదర్శి భార్యకు ఐసు మంజూరు చేయడమే అతని మొదటి తీర్మానం. తోపులాటలో చిరిగిన చొక్కాతో, నిండు ఫ్లాస్కుతో జ్ఞానశేఖర్ ఆసుపత్రిలో పడేసరికి మద్రాసు బండి వెళ్ళిపోయింది.

"పాడు సేసేసినాను ఫ్లోరా," అని మంచం పక్కన కూలబడ్డాడు. అది మైకు ముందరి గొంతు కాదు.

వెల్లకిలా పడుకున్న ఫ్లోరెన్స్ కళ్ళు మాత్రం తిప్పింది. "లేవండి. ఎదురు సోడా కొట్లో రంపపు పొట్టులో దాచిన ఐసుంటే అడిగించాను. మా చెల్లి జయశీల ముక్క పట్టుకుని బండెక్కేసింది."

"మరి నాకు కబురెట్టొచ్చు కదేటి?"

"పెట్టాను. మీరు మీటింగులో ఉన్నారట."

మందులకు లొంగే రకమేనని మద్రాసు నుంచి తెలిసింది. ఫ్లోరెన్స్ వాపు తగ్గి, మళ్ళీ బడికెళ్ళి పిల్లల్ని కసరడం మొదలుపెట్టింది.

అందరికీ ఎదురుగా సోడా కొట్టుండదు. మద్రాసు పరిగెత్తే చెల్లెలూ ఉండదు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించిన ప్రభువులారా, కిడ్నీ ముక్క చూడ్డానికి ఈ పట్నంలో ఒక్క గది కట్టండి. ఆ పరీక్ష ఇక్కడే జరగాలి, ఇప్పుడే జరగాలి. లేదంటే సమ్మె చేస్తాం.

ఐసు మాత్రం ముందురోజే కొనుక్కుంటాం.