షెడ్డులోకి ఒక గట్టి పంపు

ఆ శనివారం ఉదయం అబ్రహాము నీళ్లు కాచుకుని గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. నెల్లూరు వెళ్లి, కారు టైర్లకు ఇంట్లోనే గాలి కొట్టుకునే పంపు ఒకటి కొనుక్కు రావాలని అతని ఉద్దేశం. కోవూరు నుంచి పెన్నా వంతెన దాటితే నెల్లూరే. కారున్న మనిషి బస్సుకు ఎందుకు బయలుదేరాడంటే, ఆ కారు టైరులో గాలి లేదు కాబట్టి.

ఆ కారు అతను డ్రైవరుగా పనిచేసిన తెల్లదొరగారిది. స్వదేశానికి పోతూ దాన్ని అబ్రహాముకు ఇచ్చి వెళ్లాడు. ఇంటి పక్కన తాటాకు షెడ్డు వేసి అందులో పెట్టుకుని, పెళ్లిళ్లకూ ఆసుపత్రి ప్రయాణాలకూ బాడుగకు తిప్పేవాడు. కిందటి ఏడు వానాకాలంలో భార్య ప్రేమలీల ఉబ్బసంతో పోయింది. పిల్లలు లేరు. అప్పటి నుంచి కారు కదలలేదు. అబ్రహాము కూడా పెద్దగా కదిలింది లేదు. మొన్న పక్కవీధి కామమ్మకు నొప్పులు వస్తుంటే ఆమె మొగుడు పరుగెత్తుకొచ్చి కారు అడిగాడు. అబ్రహాము చప్పబడిన టైరు చూపించి పంపేశాడు. కామమ్మ ఎద్దులబండిలో వెళ్లి క్షేమంగా బిడ్డను ఎత్తుకుని వచ్చింది. అబ్రహాముకు మాత్రం ఆ రోజు అన్నం దిగలేదు.

పక్కింట్లో అక్క మగ్దలీనమ్మ ఉంటుంది. వాకిలి ఊడుస్తూ తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది.

"యాడికిరా, పెళ్లికొడుకు మాదిరి తయారైనావు?"

"నెల్లూరికి. ఇంట్లోకి ఒకటి చూసుకోవాలక్కా. అవసరమొచ్చినప్పుడల్లా ఎవురింటికని పోయి అడిగేది?"

మగ్దలీనమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది. "ఎట్టాంటిది చూస్తావురా?" అంది మెల్లగా.

"గట్టిది. ముందున్న దాని మాదిరి అదనులో చేతులెత్తేసేది గాకుండా."

పంపు అన్న మాట అతను అనలేదు. ఏడాదిగా ఆ మాట అతని నోటికి రావడం లేదు. దానికి కారణం ఒకటుంది గానీ అది ఎవరికీ చెప్పలేదు. మగ్దలీనమ్మ మాత్రం, చచ్చిపోయిన మరదలి మీద తమ్ముడికి ఇంకా ఎంత కోపముందో అనుకుని కళ్లొత్తుకుంది. ఆ వెంటనే, పోనీలే, మళ్లీ ఒక ఇంటివాడవుతున్నాడు అనుకుని సంతోషించింది.

చిన్నబజారులో అబ్రహాము "టైరుకు గాలి కొట్టేది చూపించండి" అంటూ అంగడి తర్వాత అంగడి ఎక్కి దిగాడు. చేత్తో కొట్టేవి, కాలితో తొక్కేవి, ఇనుప గొట్టానివి, ఇత్తడి గొట్టానివి అన్నీ ముందు పెట్టించుకున్నాడు. రబ్బరు గొట్టం మూతిని వేలితో మూసి, తొక్కి, లోపలి నుంచి గాలి ఎంత బలంగా తంతుందో చూశాడు. "లోపలి తోలు బిళ్ల ఎండిపోతే ఏంది గతి?" అని ప్రతి అంగడిలోనూ అడిగాడు. "అప్పుడప్పుడు నాలుగు చుక్కలు నూనె పొయ్యండి" అన్నారు అందరూ. "పొయ్యడం మర్చిపోతే?" అని అడిగాడు. అంగడివాళ్లు పంపులు మళ్లీ లోపల సర్దుకున్నారు. వట్టి చేతులతో ఇంటికి వచ్చాడు.

మరుసటి శనివారం మళ్లీ గడ్డం గీసుకుని వెళ్లాడు. ఆ పై శనివారమూ వెళ్లాడు. సాయంత్రం వట్టి చేతులతో దిగులుగా వచ్చే తమ్ముణ్ణి చూసి మగ్దలీనమ్మ ఉండబట్టలేక, సంఘపెద్ద క్రీస్తురాజు చెవిన వేసింది. సంబంధాలు కుదర్చడం క్రీస్తురాజుకు ప్రార్థన తర్వాత అంత ఇష్టమైన పని. ఆదివారం ఆరాధన అయిపోగానే గుడి మెట్ల మీద అబ్రహామును పట్టుకున్నాడు.

"అన్నా, మీ అక్క చెప్పింది. చూస్తా ఉండావంట గదా."

"చూస్తానే ఉండానయ్యా. ఒకటీ మనసుకు రాలేదు."

"ఎట్టుంటే బాగుంటుందని నీకు?"

"చూసేదానికి ఎట్టున్నా ఒకటే. పనికి గట్టిగా ఉండాల. ఎన్నాళ్లు మూలన కూర్చున్నా, అదను వచ్చినప్పుడు ఆదుకోవాల."

"కొత్తదేనా, లేకపోతే..." అని క్రీస్తురాజు నసిగాడు.

"ఒకరి దగ్గర ఉండొచ్చిందైనా పర్లేదు. లోపల బాగుంటే చాలు."

వితంతువైనా పర్లేదంటున్నాడని క్రీస్తురాజు కళ్లు చెమ్మగిల్లాయి.

"ఒకటే మాటయ్యా" అన్నాడు అబ్రహాము. "మనిషి బరువంతా వేసి కాలితో తొక్కినా వంగకూడదు."

క్రీస్తురాజు కళ్లు ఆరిపోయాయి. "కాలితోనా?"

"చేత్తో కొట్టేది కూడా ఉంది గానీ నాకు నడుము నొప్పి. కాలితో అయితేనే సుఖం."

దుఃఖంలో మనిషి మాట తీరు ఇలాగే మారిపోతుందని, ఇల్లు ఒక దారికి వస్తే అదే సర్దుకుంటుందని క్రీస్తురాజు తనకు తాను చెప్పుకున్నాడు. కాలి సంగతి ఎవరికీ చెప్పకూడదని కూడా నిశ్చయించుకున్నాడు.

నెల్లూరులో ఒక ఆసుపత్రిలో ఏసుమణి అనే నర్సు ఉంది. తండ్రి పోయాక తమ్ముడు జయకుమార్‌ను ఆమే చదివించి ఉద్యోగస్తుణ్ణి చేసింది. ఆ పనిలో పడి తన పెళ్లి వయసు ఎప్పుడు దాటిపోయిందో చూసుకోలేదు. క్రీస్తురాజు సంబంధం మాట ఎత్తితే మొదట నవ్వి కొట్టిపారేసింది. తర్వాత, "మొదటి భార్యను ఎట్టా చూసుకున్నాడు?" అని అడిగింది. "ఆమె పోయినప్పటి నుంచి ఆ మనిషి కారు షెడ్డులోంచి బయటికి తీయలేదమ్మా" అన్నాడు క్రీస్తురాజు. ఏసుమణి కిటికీలోంచి చాలాసేపు బయటికి చూసి, "సరే, వస్తా" అంది.

క్రీస్తురాజు ఆ కబురు అబ్రహాముకు మోసుకొచ్చాడు. "నీకు తగింది దొరికిందన్నా. శనివారం ఇంటికే తీసుకొస్తా."

"చూసి మనసుకు రాకపోతే వెనక్కి తీసుకుపోతావా?"

"అట్టా తిప్పి పంపితే బాగుంటుందా?"

"సరేలే, నువ్వు తెచ్చేది బాగానే ఉంటుంది. షెడ్డులో ఒక మూల ఊడ్చి పెడతా."

వచ్చేవాళ్లను షెడ్డులో కూర్చోబెడతాడు కాబోలని క్రీస్తురాజు అనుకున్నాడు.

శనివారం మగ్దలీనమ్మ తెల్లారకముందే లేచి కజ్జికాయలు చేసింది. ఇరుగింటి నుంచి కుర్చీలు తెచ్చింది. గుడిలో తోటి ఆడవాళ్లు నలుగురు వచ్చి అబ్రహాము ఇల్లు కడిగి తుడిచారు. వాళ్లలో ఎవరో, వచ్చే ఆమె చూస్తే బాగుండదని గోడ మీది ప్రేమలీల ఫోటో తీసి బియ్యం డబ్బా వెనక పెట్టారు. పొద్దుటి నుంచీ షెడ్డులోనే ఉన్న అబ్రహాముకు ఈ హడావుడి ఏదీ తెలియదు. నూనె మరకల లుంగీ కట్టుకుని, కారు కింద దూరి, కొత్త పంపు వచ్చేలోగా చక్రం శుభ్రం చేస్తున్నాడు.

రిక్షా ఆగింది. "తీసుకొచ్చినా అన్నా!" అని క్రీస్తురాజు కేక వేశాడు.

"ఇట్టా షెడ్డులోకే తీసుకురా" అని కారు కింద నుంచి అబ్రహాము గొంతు వినిపించింది. "ముందు గాలి వస్తుందో లేదో చూద్దాం."

పాక్కుంటూ బయటికి వచ్చి చూస్తే ఎదురుగా పట్టుచీర కట్టుకున్న ఒక నడివయసు ఆడమనిషి నిలబడి ఉంది. పెట్టె అడుగు నుంచి తీసిన చీర అని దాని మడతలే చెబుతున్నాయి. ఆమె పక్కన తమ్ముడు జయకుమార్. వాళ్ల వెనక కజ్జికాయల పళ్లెంతో మగ్దలీనమ్మ. అబ్రహాము అందరి చేతుల వంకా చూశాడు.

"పంపు ఏదీ?" అన్నాడు.

ఏడాది తర్వాత ఆ మాట అతని నోటి నుంచి రావడం అదే మొదలు.

"ఏం పంపు?" అన్నాడు క్రీస్తురాజు.

"టైరుకు గాలి కొట్టే పంపయ్యా!"

"నువ్వు ఆడమనిషిని చూసుకుంటా ఉండావని గదరా నేను..." మగ్దలీనమ్మ మాట పూర్తి చేయలేకపోయింది.

"నాదేం తప్పు?" క్రీస్తురాజు గొంతు పెంచాడు. "కాలితో తొక్కినా వంగకూడదన్నావు! ఒకరి దగ్గర ఉండొచ్చిందైనా పర్లేదన్నావు! ఇదంతా పంపు గురించా?" చెప్పకూడదని దాచుకున్న మాటలన్నీ వీధికి వినపడేలా చెప్పేశాడు. గుమ్మంలో ఆడవాళ్లు చెంగులు నోట్లో కుక్కుకున్నారు. జయకుమార్ ముఖం ఎర్రబడింది. "పద అక్కా, పోదాం" అన్నాడు.

ఏసుమణి కదలలేదు. నవ్వలేదు కూడా. "మీరంతా కొంచెంసేపు బయట ఉండండి" అంది. ఆసుపత్రి వార్డులో చుట్టాలను బయటికి పంపే గొంతు అది. అందరూ వెళ్లిపోయారు. ఆమె అక్కడున్న చెక్కపెట్టె మీద కూర్చుంది.

"ఇంత గట్టి పంపు ఎందుకు మీకు?"

అబ్రహాము చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టైరు వంక చూస్తూ చెప్పాడు.

"ఆ రోజు మధ్యాహ్నం గాలివాన. మా ఇంటామెకు ఊపిరి అందటం లేదు. కారు తీద్దామని వస్తే వెనక టైరు నేలకు కూర్చోనుంది. పంపు లోపల తోలు ఎండిపోయి ఉంది, నేను చూసుకోలేదు. కొడతా ఉండా, కొడతా ఉండా, గాలి పోవటం లేదు. సైకిలు షాపు మస్తానయ్య తన పంపు తెచ్చినాడు. దాని మూతి దీనికి పట్టలేదు. లోపలి నుంచి ఆమె పిలిచింది. వస్తా ఉండా, ఇంకొంచెంసేపు, అన్నా. మళ్లా పిలిచింది. ఎందుకు పిలుస్తా ఉందో పోయి చూడలేదమ్మా నేను. టైరుకు గాలి కొడతానే ఉండిపోయినా."

ఏసుమణి కూడా ఆ టైరు వంకే చూసింది. తర్వాత అంది: "ఆ గాలివాన రోజు నేను కోవూరులోనే ఉండా. మా పిన్నమ్మను చూసి డ్యూటీకి పోతా వంతెన దగ్గర చిక్కుకుపోయినా. రోడ్డు మీద నీళ్లు, అడ్డంగా పడిన చెట్లు. చీకటి పడిందాకా ఒక్క బండి దాటలేదు. మీ టైర్లో గాలి ఉన్నా మీరు వంతెన దాకా వచ్చి ఆగిపోయేవాళ్లే."

"నన్ను ఓదార్చేదానికి చెప్తా ఉండావా?"

"రోగులకు చెప్తాం అట్టాంటివి. మీరు రోగి కాదు గదా."

ఆమె చెప్పింది నిజమో ఓదార్పో అబ్రహాముకు తెలియలేదు. ఆ రోజు వంతెన వైపు వెళ్లినవాళ్లను ఎవరిని అడిగినా నిజం తేలిపోయేది. ఆ తర్వాత కూడా అతను ఎవరినీ అడగలేదు. ఇప్పుడు మాత్రం నిలబడలేక, మట్టిలో అలాగే కూర్చుండిపోయి, ప్రేమలీల పోయిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చాడు. ఏసుమణి అడ్డు చెప్పలేదు.

తేరుకున్నాక అన్నాడు: "నా వల్ల నలుగురిలో తలవంపులైంది నీకు. ఇంత దూరం వచ్చినావు. నీకు ఇష్టమైతే, వాళ్లు అనుకున్నట్టే..."

ఏసుమణి లేచి చీర దులుపుకుంది.

"పంపు కోసం శనివారం శనివారం తిరిగినారంట. అన్ని అంగళ్లు చూసి కూడా మనసుకు రాలేదన్నారంట. నన్ను చూసి ఇంకా గంట కాలేదు, అప్పుడే సరే అనేస్తా ఉండారే. నేను పంపు కన్నా తక్కువా?"

అబ్రహాము తల వంచుకున్నాడు.

"తొక్కితే వంగను" అంది ఆమె వెళ్తూ. "ఆ ఒక్కటీ క్రీస్తురాజుగారు సరిగ్గానే చూసినారు."

రిక్షా వెళ్లిపోయింది. కజ్జికాయలు ఎవరూ ముట్టలేదు. మగ్దలీనమ్మ బియ్యం డబ్బా వెనక నుంచి ఫోటో తీసి, చెంగుతో అద్దం తుడిచి, మళ్లీ గోడకు తగిలించింది. కజ్జికాయల పళ్లెం తీసుకుని తన ఇంటికి వెళ్లిపోయింది.

కథ అక్కడితో ఆగినా బాగుండేది. కానీ గుమ్మంలో విన్న ఆడవాళ్లు నలుగురు నాలుగు వీధుల్లో చెప్పారు. వంతెన దాటేసరికి అది పంపు పెళ్లికూతురి కథ అయింది. ఆసుపత్రిలో ఆయాలు ఏసుమణి వెనక ఉస్ ఉస్ మని గాలి కొట్టిన చప్పుడు చేశారట. ఆమె, ఎవరూ వెళ్లడానికి ఇష్టపడని, గూడూరు అవతల కోట అనే ఊళ్లోని చిన్న ఆసుపత్రికి తనను పంపమని అడిగి వెళ్లిపోయింది. ఈ సంగతి క్రీస్తురాజు వచ్చి చెప్పి, తల ఎత్తలేక వెళ్లాడు.

ఆ మర్నాడే అబ్రహాము నెల్లూరు వెళ్లి, మొట్టమొదటి అంగడిలో మొట్టమొదట చూసిన కాలి పంపు, ఇత్తడి గొట్టం ఉన్నది, పది నిమిషాల్లో కొనుక్కొచ్చాడు. నాలుగు టైర్లకూ రాయిలా గట్టిపడేదాకా తొక్కాడు. కారు ముందు హ్యాండిలు తిప్పీ తిప్పీ చేతులు పడిపోయాక కారు దగ్గి, దగ్గి, కదిలింది. క్షమాపణ అడగడానికి కోటకు బయలుదేరాడు. ఇంకో మాట కూడా అడగాలని దారి పొడుగునా అనుకుంటూ పోయాడు. గూడూరు దాటి, వరి చేల మధ్య కొంత దూరం పోయాక కారు ఆగిపోయింది. దిగి టైర్లు చూశాడు. నాలుగూ బాగున్నాయి. ఇంజనే మొరాయించింది. కారును అక్కడే వదిలి కోటకు నడిచాడు.

సాయంత్రానికి దుమ్ము కొట్టుకుపోయి ఆసుపత్రి వరండాలో నిలబడిన మనిషిని ఏసుమణి వెంటనే గుర్తుపట్టలేదు.

"మీరా! కారేదీ?"

"గూడూరు దాటినాక ఆగిపోయింది."

"టైరా?"

"కాదు. ఇంజను."

నవ్వు ఆపుకోవడానికి ఏసుమణి ముఖం పక్కకు తిప్పుకుంది. తిప్పుకున్న ముఖాన్ని చాలాసేపటిదాకా ఇటు తిప్పలేదు.

"మన్నించమని అడిగేదానికి వచ్చినా" అన్నాడు అబ్రహాము.

"మీరేం జేసినారు మన్నించేదానికి? మీరు పంపు అడిగినారు. ఆశ పడింది నేను గదా."

దారి పొడుగునా దాచుకుని తెచ్చిన మాట ఇక అతని నోటికి రాలేదు. ఆమె లోటాతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగేదాకా నిలబడింది. "గూడూరు బస్సు పోయే వేళైంది, పొండి" అంది. అతను వెళ్లాడు. ఆమె మళ్లీ నెల్లూరికి రాలేదు. అతను మళ్లీ కోటకు పోలేదు.

కారును మర్నాడు, అది ఆగిన చోటి రైతు ఒకడు తన ఎద్దులకు కట్టి గూడూరు దాకా లాగించాడు. టైర్లలో గాలి నిండుగా ఉన్నందువల్ల ఎద్దులకు ఏమాత్రం శ్రమ కలగలేదు.