హెడ్‌లైట్ మీద వేలిముద్ర

"లోకంలో నేరస్థులు రెండు రకాలు. నాకు దొరికినవాళ్ళు, నాకు దొరకబోయేవాళ్ళు," అని ప్రకటించాడు భూతద్దం, నా కుట్టుమిషను మీద టీ గ్లాసు పెడుతూ.

నలభై ఏళ్ళు వాచీలు బాగుచేసి దుకాణం మూసేశాడు గానీ, కంటికి తగిలించుకునే అద్దం మాత్రం తియ్యలేదు. అందుకే అందరూ భూతద్దం అంటారు. తను మాత్రం డిటెక్టివ్‌నంటాడు. నేను మోటార్‌సైకిల్ సీట్లు కుట్టుకుంటాను. అతనితో స్నేహం నేను చేసిన ఒకే ఒక్క నేరం. శిక్ష ఇంకా నడుస్తోంది.

"గ్లాసు తియ్యి, రెక్సిన్ మీద మరక పడుతుంది."

"మరకలే మిత్రమా, మాట్లాడేవి."

అంతలో పక్క షెడ్డు ఇల్లాలు పరుగున వచ్చింది. "అన్నయ్యా, ఒక్కసారి రండి. మా తమ్ముడు సాయంత్రం ఆరింటి బస్సెక్కి వెళ్ళిపోతానంటున్నాడు."

ఆ షెడ్డు బావ, బావమరుదులది, అంటే ఆవిడ భర్తది, తమ్ముడిది. బండ్ల మీది మెరిసే క్రోమ్‌ని ఇసుకతో కొట్టి వదలగొట్టి, నల్ల పౌడర్ కోటింగ్ వేస్తారు. బావ గన్‌తో పొడి చిమ్ముతాడు. బావమరిది దాన్ని ఓవెన్‌లో కాలుస్తాడు. ఆ పొడి కాలేదాకా ఇనుము మీద పిండిలా అంటుకుని ఉంటుంది, ఎవరూ తాకకూడదు. తాకారా, ఆ ముద్ర అలాగే కాలి ఉండిపోతుంది.

డ్రైవింగ్ నేర్పే మాస్టారు క్రోమ్ తుడవలేక విసిగిపోయి, తన బండి మొత్తం నల్లగా చెయ్యమని ఇచ్చాడట. అంతా నిగనిగలాడుతూ వచ్చింది, హెడ్‌లైట్ డొప్ప మీద మాత్రం బొటనవేలి ముద్ర. "నా బండి మొహం మీద ఎవరిదండీ ఈ వేలు?" అని మాస్టారు పొద్దున కేకలేసి వెళ్ళాడు. గొడవ అక్కణ్ణుంచి మొదలైంది.

మేం వెళ్ళేసరికి షెడ్డు మధ్య సుద్దగీత. గన్ అటు, ఓవెన్ ఇటు. తలుపు దగ్గర బావమరిది సంచీ.

"ఓవెన్‌లో పెట్టింది నువ్వు," అన్నాడు బావ.

"నేను కొక్కెం పట్టుకుంటాను బావా, మొహం కాదు. చిమ్మింది మీరు."

"పద్ధెనిమిదేళ్ళుగా చిమ్ముతున్నాను. నాకు తెలీదా?"

"తెలిస్తే ఒక్కరే చేసుకోండి."

"ఓవెన్ లేకుండా ఈయనేం చేస్తాడు? ఊదితే పోతుంది ఆ పొడి," అంది ఆవిడ నాతో, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "ఇంకో ఊరెళ్ళి వీడేం చేస్తాడు? ఒట్టి ఇనుము వేడి చేసుకుంటాడా?"

భూతద్దం ఆ డొప్ప మీద వంగాడు. "ఇక్కడ హత్య జరిగింది."

"ఎవరిది?" అన్నాను.

"నమ్మకానిది. ఎవరూ కదలొద్దు. ఒక రేకు తెచ్చి పొడి కొట్టండి. అందరూ బొటనవేళ్ళు దాని మీద ఆన్చాలి. నువ్వు కూడా."

"నేనేం చేశాను?"

"స్నేహితుణ్ణి ముందు అనుమానించాలి. పద్ధతి."

కొక్కేనికి వేలాడుతున్న రేకు మీద నలుగురం వేళ్ళు ఆన్చాం. రేకు ఊగుతుంటే భూతద్దమే పట్టుకుని నిలబెట్టాడు. బావమరిది ఓవెన్ వేడి చేసి దాన్ని లోపల పెట్టాడు. ఇరవై నిమిషాలు కాలాలి. ఈలోపు ఆవిడ రెండుసార్లు ఆ సంచీ తీసి లోపల పెట్టింది, అతను రెండుసార్లు తెచ్చి తలుపు దగ్గర పెట్టాడు.

రేకు చల్లారాక భూతద్దం అద్దం తగిలించుకున్నాడు. "ఇది కాదు. ఇదీ కాదు. ఆఁ, దొరికాడు. ఈ వేలికి అడ్డంగా కోత ఉంది. హెడ్‌లైట్ మీదా అదే కోత. చెప్తాను వినండి, వీడు తొందరపాటు మనిషి. చెయ్యొద్దన్నదే చేస్తాడు. బుర్రకి పని తక్కువ."

"అన్నయ్యా," అంది ఆవిడ నెమ్మదిగా, "మేం వేళ్ళు పెట్టింది నలుగురమే. ఇక్కడ అయిదున్నాయి."

నేను భూతద్దం చెయ్యి పట్టుకుని తిప్పాను. బొటనవేలు నల్లగా ఉంది. మధ్యలో అడ్డంగా, ఎప్పుడో వాచీ స్ప్రింగు కోసిన గాటు.

చాలాసేపు తన వేలిని తనే అద్దంలోంచి చూసుకున్నాడు. "మంగళవారం ఇటు వచ్చాను," అన్నాడు చివరికి. "ఎవరూ లేరు. ఇది వేలాడుతోంది. రంగు ఆరిందా లేదా అని ఒక్కసారి..."

"అది పొడయ్యా," అన్నాడు బావ.

"అవును, పొడిగానే ఉంది."

ముందు బావమరిది నవ్వాడు. తర్వాత వాళ్ళక్క నవ్వింది, ఏడుపు ఇంకా పూర్తికాకుండానే. బావ నవ్వలేదు. తలుపు దగ్గరి సంచీని చూస్తున్నాడు.

"మంగళవారం తలుపు తెరిచిపెట్టి వెళ్ళింది నేనే," అన్నాడు. "అనవసరంగా నిన్ను అన్నాను."

"అన్నారు."

"ఈ డొప్ప మళ్ళీ ఇసుక కొట్టి మొదలుపెట్టాలి. అయిదున్నరకి నేను పొడి చిమ్మేస్తే, కాల్చడానికి..." ఆగాడు. "ఆరింటికి నీ బస్సు కదా."

బావమరిది డొప్ప తీసుకుని, సుద్దగీత మీదుగానే నడిచి, ఇసుక కొట్టే గదివైపు వెళ్ళాడు.

"ఓవెన్ వేడి మీదుంది బావా," అన్నాడు వెనక్కి చూడకుండా. "దాన్నొదిలి ఎలా వెళ్తాను?"

ఆవిడ సంచీ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఈసారి దానికోసం ఎవరూ రాలేదు.

భూతద్దం నా చెవిలో అన్నాడు, "చూశావా మిత్రమా, నేరస్థుడు ఎంత తెలివైనవాడైనా నా నుంచి తప్పించుకోలేడు."

"చేతులు జేబుల్లో పెట్టుకో," అన్నాను.