ముందు వరుసలో ఐదుగురు

ఆ ఉదయం వీరభద్రం పెట్టుకున్న పని ఒక్కటే. దుకాణం తెరిచేలోపు భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్‌కు ఉత్తరం రాయాలి. ముందురోజు టీవీలో మ్యాచ్ చూసి ఆయనకు కడుపు రగిలిపోయింది. ముందు ఒక్కణ్ణి నిలబెట్టి మిగతా అందరూ వెనక కాపలా కాస్తే గోల్ ఎట్లా పడుతుంది? తాను జిల్లా జట్టుకు ఆడిన రోజుల్లో ఐదుగురు ముందుకు ఉరికేవాళ్లు. గోల్ పడినా పడకపోయినా చూసేవాళ్లకు మాత్రం కునుకు పట్టేది కాదు. అబ్బ, ఏం రోజులవి!

మాటలు దండగని కాగితం మీద ఉత్త వరుసలే వేశాడు: గోల్ దగ్గర ఒకడు, వెనక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు ఐదుగురు. ఇప్పటి ఆటగాళ్ల పేర్లు సగమే గుర్తున్నాయి కాబట్టి పాత జట్టు పేర్లే వేశాడు. ముందు వరుస నడుమ ‘నేను’ అని రాశాడు. ఎడమ చివర కలం ఆగింది. నలభై ఏళ్ల కింద ఫైనల్లో సుదర్శన్ అక్కడ ఒంటరిగా నిలబడి బంతి ఇమ్మని అరుస్తుంటే, వీరభద్రం ఇవ్వకుండా తానే కొట్టి మైదానం గోడ దాటించాడు. ఆనాటి నుంచి ప్రాణస్నేహితుల మధ్య మాటల్లేవు. అయినా ఆ చోట ఇంకెవరి పేరు రాస్తాడు? రాసి, ‘నేను’ నుంచి సుదర్శన్ దాకా బాణం గీశాడు.

హనుమకొండలో తాతల నాటి బట్టల వ్యాపారం వాళ్లది. ముఖ్యమైన కాగితం ఏదైనా నాలుగు మూలలా పసుపు పెట్టనిదే గడప దాటదు. ఉత్తరానికీ పెట్టి, దేవుడి పటం ముందు ఆరబెట్టి స్నానానికి పోయాడు.

మడికొండలో కొత్తింటి గృహప్రవేశం నాలుగు రోజుల్లో ఉంది. ఎవరెవరికి బట్టలు పెట్టాలో రాసియ్యమని భార్య లక్ష్మి వారం నుంచి పోరుతోంది. పటం ముందు పసుపు పెట్టిన కాగితం మీద పేర్లు చూడగానే ఆమె ప్రాణం కుదుటపడింది. భర్త తన పేరు కలుపుకున్నది ముందు వరుసలో కాబట్టి వాళ్లే అందరికన్నా దగ్గరివాళ్లని తేల్చుకుంది. వాళ్లకు పట్టుపంచెలు, మధ్యవాళ్లకు ప్యాంటు షర్టు గుడ్డలు, వెనక ఇద్దరికి ఉత్త షర్టు గుడ్డలు, అట్టడుగున ఉన్న గట్టయ్యకు తువ్వాల. కాగితం ఏదని భర్త అడిగితే, అంతా తాను చూసుకుంటానంది. పోస్టు చేస్తుందనుకుని ఆయన నిశ్చింతగా దుకాణానికి పోయాడు.

సుదర్శన్‌కు మాత్రం, మిగతావాళ్లలా కబురుతో సరిపెట్టకుండా, ఆమె ప్రత్యేకంగా ఫోన్ చేసింది. “మా ఆయన మీ పేరు ముందు వరుసల రాసిండన్నా.” అవతల సుదర్శన్ ముహూర్తం ఎన్ని గంటలకని అడిగాడు.

గృహప్రవేశం నాడు పీటల మీద కూర్చున్న వీరభద్రానికి, పాత జట్టు మొత్తం బట్టతలలతో లోపలికి వస్తూ కనిపించింది. చివర సుదర్శన్. పంతులు చెప్పే మంత్రాలు ఆయన చెవికెక్కడం మానేశాయి. ఇంతలో జాబితాలో పేరు లేక బట్టలు దక్కని తమ్ముడు, లక్ష్మికి సొంతవాడు, అలిగి కారెక్కాడు. తువ్వాల చూసిన గట్టయ్య గొంతు లేచింది.

“నలభై ఏండ్ల కింద గోల్ కాయమని ఎన్కకు నిలవెట్టిండ్రు. గిప్పుడు గూడ గంతేనా?”

విషయం ఆరా తీస్తే కాగితం బయటికొచ్చింది. అది జాబితా కాదని వీరభద్రం తల పట్టుకుని చెబుతుంటే, సుదర్శన్ దాన్ని అందుకుని చూశాడు.

“ఈ బాణమేంది?”

“పాస్,” అన్నాడు వీరభద్రం. “గప్పుడు ఇయ్యలే గద.”

సుదర్శన్ పట్టుపంచె ఒళ్లో పెట్టుకుని కూలబడ్డాడు. “నేనప్పుడు ఆఫ్‌సైడ్‌ల ఉన్నరా. లైన్స్‌మన్ జెండ గూడ లేపిండు. నువ్విచ్చినా గోల్ చెల్లేది గాదు.”

“మరి ఇన్నేండ్లు ఎందుకు మాట్లాడకపోతివి?”

“మొదట కోపం. తర్వాత గీ ముచ్చట ఎట్ల చెప్పాల్నో సమజ్ కాలే.”

వీరభద్రానికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. భోజనాల దగ్గర ఎవరూ చెప్పకుండానే పదకొండు మందీ పాత వరుసల్లోనే కూర్చున్నారు, గట్టయ్య తప్ప. వెనక కూర్చోనని ఆయన మొండికేశాడు.

మర్నాడు గట్టయ్య మనసు కష్టపెట్టలేక, ఆయన పేరు కూడా వీరభద్రం ముందు వరుసకు జరిపాడు. గోల్ కాసేవాడు లేకుండానే ఉత్తరం కోచ్‌కు పోయింది.