గిజిగాడి ఆకులు, రాతి తలుపు

ఒక పెద్ద అడవిలో జంతుసభ తీర్మానాలన్నీ ఓ నల్లబండ మీద సుద్దతో రాసేవారు. వాన పడితే తీర్మానం కొట్టుకుపోయేది. సభ కార్యదర్శి జంబుకయ్య అనే నక్కకి వానంటే మహా ఇష్టం.

ఒక గిజిగాడికి ఇది నచ్చలేదు. బండ మీది రాతను రాసినట్టే తాటాకు మీద ముల్లుతో గీసి దాచే పద్ధతి కనిపెట్టాడు. అడిగినవాళ్ళకల్లా నేర్పాడు.

"ఎవరైనా వాడుకోండి, నచ్చినట్టు మార్చుకోండి" అన్నాడు.

చింతాలనే ఉడుత ఆకుకి వేపనూనె రాసి చూసింది. చెద పట్టలేదు. ఆ కిటుకూ అందరిదీ అయింది.

ఎండలు ముదిరాయి. జింకలు ఓ ఆకు పట్టుకొచ్చి, "వేసవిలో మడుగు తూర్పుగట్టు మాకని సభ రాసిచ్చింది" అన్నాయి. ఆ గట్టు మీద అప్పటికే జంబుకయ్య బావమరిది కాపురం పెట్టేశాడు.

జంబుకయ్య సభలో లేచాడు. "అందరి చేతుల్లో ఉండేది ఆధారమెలా అవుతుందయ్యా? తాళం వేస్తేనే భద్రం!"

సభ తలూపింది. కంటకరావనే ముళ్ళపంది ఒక గుహకి రాతి తలుపు బిగించాడు. తెరిచే కిటుకు అతనొక్కడికే తెలుసు. ఆకులన్నీ అందులో పెట్టాలని, బయట కనబడితే నేరమని దండోరా వేశారు. జింకల ఆకూ లోపలికే పోయింది.

"మరి చూడాలంటే?" అడిగాడు గిజిగాడు.

"చూడ్డమెందుకు? భద్రంగా ఉన్నాయిగా!" అన్నాడు కంటకరావు.

నెల తిరక్కుండానే అతను ఇంకో అడవిలో తలుపు బిగించడానికి వెళ్ళిపోయాడు.

అంతలో కొత్త సింహం గద్దెనెక్కాడు. "జంబుకయ్యా, నువ్వుంటున్న గుహ నీదేనా? ఆధారం చూపించు. లేకపోతే సాయంత్రానికి ఖాళీ చెయ్యి" అన్నాడు.

జంబుకయ్య రాతి తలుపు గీకాడు, కొరికాడు. పన్ను విరిగింది గానీ తలుపు కదల్లేదు. పిల్లల్ని వేసుకుని ఎక్కడికి పోవాలో తెలీక గిజిగాడి దగ్గరికి పరిగెత్తాడు.

"తమరి ఆజ్ఞేగా! నావన్నీ లోపలే పెట్టాను" అన్నాడు గిజిగాడు.

చింతాలు బెదురుతూ తొర్రలోంచి ఒక ఆకు తీసింది. "నేరమేనండి. కానీ ఇచ్చెయ్యడానికి చెయ్యి రాలేదు."

జంబుకయ్య దాన్ని లాక్కుని, సభకి పోయి గట్టిగా చదివాడు: "ఎర్రమట్టి గుహ జంబుకయ్యకి చెందును."

"కింద ఇంకో వరస ఉందే. అదీ చదువు" అన్నాడు సింహం.

జంబుకయ్య గొంతు తగ్గించి చదివాడు: "వేసవిలో మడుగు తూర్పుగట్టు... జింకలకి చెందును."

"ఆకు నిజమా, అబద్ధమా?"

"నిజమే మహారాజా. రెండు వరసలూ నిజమే."

ఆ సాయంత్రం జింకలు కడుపునిండా నీళ్ళు తాగాయి. మర్నాడు సభ, ఆధారాన్ని కాపాడినందుకు జంబుకయ్యకి శాలువా కప్పి, అనుమతి లేకుండా ఆకు ఉంచుకున్నందుకు చింతాలుకి తాఖీదు పంపింది.

నీతి కావాలా? ఆకు దాచినవాడు నేరస్థుడు, పోగొట్టినవాడు అధికారి.