దొర ఇసుకతొట్టి: పర్యవేక్షణ నిబంధనలు

మనిషి పరువుకు చట్టం ఎంత అవసరమో, పిల్లి పేగులకు పర్యవేక్షణ అంత అవసరమని పశువుల ఆసుపత్రి పరిపాలనా విభాగం ఏనాడో తేల్చి చెప్పింది. (పిల్లుల్ని అడిగారా అనకండి. అభ్యంతరాలకు గడువిచ్చారు. ఒక్క పిల్లీ రాతపూర్వకంగా స్పందించలేదు.)

ఆ ప్రకారం, విరేచనం కాని పిల్లిని నేరుగా డాక్టరుకు చూపించకూడదు. ముందు సహజ నివారణలు చేయాలి. నీళ్లు బాగా తాగించాలి, ఉడికించిన గుమ్మడి గుజ్జు తిండిలో కలపాలి, ఆడించాలి, పొట్ట నిమరాలి. ఇదంతా ఒక బాధ్యత గల వ్యక్తి, పిల్లి మలవిసర్జన చేసే ఇసుకతొట్టి మీద నుంచి చూపు తిప్పకుండా జరిపించాలి. ఇవేవీ పనిచేయలేదనడానికి రుజువుగా పిల్లి తాజా మలం నమూనా తేవాలి.

చివరి వాక్యం విడ్డూరంగా ఉందని ఎవరూ అనలేదు. వాక్యం అంత చక్కగా కుదిరింది. రాసింది ఆ విభాగం గుమాస్తా, నోట్లో నాలుక లేని పిల్ల. ఏ కాగితం చేతికిచ్చినా ఒక సవరణ తగిలించి పంపుతుంది కాబట్టి ఆఫీసులో ఆమెను సవరణమ్మ అంటారు. ఆమె దాన్ని బిరుదు కిందే జమ కట్టుకుంది.

అలాంటి సవరణమ్మ ఇంట్లో పిల్లికే కడుపు బిగిసింది. పేరు దొర. నడకలో దొర, అలకలో అంతకన్నా పెద్ద దొర. ఒకరోజు పొద్దున తొట్టి దగ్గరికి కాస్త ఆలస్యంగా వెళ్లాడు, అంతే. సవరణమ్మ మూలనున్న తొట్టిని తెచ్చి గది నడిమధ్య పెట్టింది. ఎదురుగా కుర్చీ వేసుకుని నిబంధన ప్రకారం చూడసాగింది.

దొర ఇసుక గీకాడు. తలెత్తాడు. ఆమె కళ్లు. తొట్టి దిగిపోయాడు.

"ఏమే, నువ్వట్లా గుడ్లప్పగించి చూస్తుంటే నాకే రాదు, వాడికేం వస్తుంది?" అంది వంటగదిలో గుమ్మడికాయ చెక్కు తీస్తున్న అమ్మ.

"అమ్మా, పర్యవేక్షణ లేనిదే నివారణ చెల్లదు."

"ఎవరన్నారు?"

"నేనే."

మర్నాటికి దొర గుజ్జు ముట్టలేదు, నీళ్లు ముట్టలేదు. మంచం కిందికి దూరి, పిలిస్తే చెవి మాత్రం కదిపాడు. సవరణమ్మకు ఏడుపొక్కటే తక్కువ. వాణ్ణి బుట్టలో పెట్టుకుని, అమ్మను వెంటబెట్టుకుని సొంత ఆసుపత్రికే పరుగెత్తింది.

"నమూనా ఏదమ్మా?" అన్నాడు కౌంటరు దగ్గరాయన.

"అది రాకే కదన్నా వచ్చింది!"

"నన్నేం చేయమంటావు తల్లీ? రాసిన చెయ్యి నీదే."

అద్దం తలుపు అవతల డాక్టరమ్మ ఖాళీగా కూర్చుని టీ తాగుతోంది. (నమూనా తేగలిగిన పిల్లులు మాత్రమే వస్తుండటంతో ఆమెకు పని బాగా తేలికైంది.) తలుపు తోస్తే తెరుచుకుంటుంది. సవరణమ్మ చెయ్యి పిడి దాకా వెళ్లి, నియమం గుర్తొచ్చి వెనక్కి వచ్చింది.

సూపరింటెండెంటు గారి కాళ్లావేళ్లా పడింది. ఆయన అద్దాలు సర్దుకున్నారు.

"మినహాయింపు ఉందా ఇందులో?"

"ఉండేదండీ. వాక్యం పొడుగవుతోందని నేనే తీసేశాను."

ఆయనది జాలిగుండె. పిల్లిని తన గదిలోనే పర్యవేక్షణలో ఉంచమన్నారు. కొత్త తొట్టి వచ్చింది. చుట్టూ కౌంటరాయన, టైపిస్టు, ఊడ్చే ఆవిడ, సూపరింటెండెంటు గారు, సవరణమ్మ కొలువుదీరారు. ఎవరి సలహా వాళ్లు చెప్పారు. టైపిస్టు తాడు ఆడించాడు. దొర ఆ సభనంతా ఒకసారి కలయజూసి కళ్లు మూసుకున్నాడు. పొట్ట మాత్రం రాయిలా ఉంది.

భోజనాల గంట మోగింది. ఆ గంట ముందు ఏ నిబంధనా నిలవదు, గది క్షణంలో ఖాళీ అయింది. సవరణమ్మ మాత్రం కదల్లేదు.

"నేను చూస్తుంటానమ్మా."

"చూసింది చాలు. లే!" అని అమ్మ రెక్క పట్టుకుని బయటికి లాక్కుపోయి తలుపు వేసింది.

తిరిగొచ్చేసరికి కొత్త తొట్టి కొత్తగానే ఉంది. సూపరింటెండెంటు గారు ఎన్నాళ్లుగానో తాకని కాగితాల బుట్టలో మాత్రం పని సలక్షణంగా పూర్తయి ఉంది. దొర కిటికీ గట్టు మీద కూర్చుని మీసాలు తుడుచుకుంటున్నాడు.

నమూనా దొరికింది కాబట్టి తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది.

"ఇంట్లో తొట్టి ఎక్కడ పెట్టావు?"

"నా కుర్చీ ఎదురుగానండీ."

"మళ్లీ మూలకు జరుపు. నీళ్లు మంచివే, గుమ్మడీ మంచిదే. నువ్వే వద్దు."

అమ్మ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ కార్యాలయంలో ఎవరూ లేకపోతేనే పని జరుగుతుందని సాక్ష్యంతో సహా రుజువైంది కాబట్టి, సూపరింటెండెంటు గారు వెంటనే కొత్త ఉత్తర్వుకు ఆదేశించారు. ఇకపై సహజ నివారణ సమయంలో పిల్లి ఉన్న గదిలో ఏ మనిషీ ఉండరాదు. ముసాయిదా సవరణమ్మే రాసింది. ఈసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని, ఒక్క మాటైనా పెంచకుండా రాసింది. సంతకానికి పంపబోతూ ఆగి, మళ్లీ చదువుకుని, అడుగున ఒకే ఒక్క సవరణ చేర్చింది: గదిలో ఎవరూ లేరని ధ్రువీకరించేందుకు, ఒక బాధ్యత గల వ్యక్తి గదిలోనే ఉండవలెను.