లోకం పుట్టకముందే రాసిపెట్టిన బండ

అయ్యలారా, అమ్మలారా! మనిషి చేతిలో ఏమీ లేదన్న సిద్ధాంతాన్ని మించిన సౌకర్యం బొగ్గుబాయి మనిషికి ఇంకొకటి లేదు! మాకు కరెంటు వచ్చింది. క్వార్టర్లు వచ్చాయి. గోదావరిఖని నుంచి రామగుండం స్టేషను దాకా బస్సు వచ్చింది. అవన్నీ ఒక ఎత్తు, మా క్వార్టర్ల చర్చికి వచ్చిన ఈ సిద్ధాంతం ఒక్కటే ఒక ఎత్తు.

తెలియనివారి కోసం రెండు ముక్కల్లో చెబుతాను. ఎవడు రక్షణ పొందుతాడో, ఎవడు పొందడో దేవుడు లోకం పుట్టకముందే నిర్ణయించేశాడు. పేరున్నవాడు పారిపోయినా తప్పించుకోలేడు. పేరు లేనివాడు మోకాళ్లు అరిగేలా ప్రార్థించినా లాభం లేదు. దీన్ని ముందు నిర్ణయం అంటారు. దీనికి ఎదురు పార్టీ ఒకటి ఉంది. వాళ్ల మాటేమిటంటే, దేవుడు తలుపు తెరిచే పెట్టాడు, లోపలికి రావడం, రాకపోవడం మనిషి ఇష్టం. చేసిన పాపానికి సిగ్గుపడి, ఏడ్చి, మారుమనస్సు పొందితేనే రక్షణ. దీన్ని స్వేచ్ఛా చిత్తం అంటారు.

ఇప్పుడు మీరే చెప్పండి, ఈ రెంటిలో ఒంటికి సుఖమైనది ఏది?

పొద్దున్నే హూటరు మోగుతుంది. స్వేచ్ఛా చిత్తం వాడు పాపం, తన ఇష్టంతో లేవాలి! ముందు నిర్ణయం వాడు దుప్పటి కప్పుకునే ఉంటాడు. లేవాలని రాసి ఉంటే కాళ్లు వాటంతటవే నేల మీద పడతాయి. నల్లా దగ్గర ఎవరో మన బిందెను పక్కకు నెట్టి తమ బిందె పెడతారు. పోట్లాట ఎందుకు? ఆ బిందె ఆ చోటు కోసం అనాదిలోనే ఏర్పాటైంది! కూరలో ఉప్పెక్కువైతే వండినామె తప్పు కాదు. కల్లు దుకాణం వైపు మళ్లిన కాలు తప్పు అంతకన్నా కాదు. ఇన్ని కొట్లాటలు ఒక్క దెబ్బతో తీర్చే సంగతి ఇంకొకటి ఉంటే చూపించండి!

మా సంఘానికి ఈ వెలుగు తెచ్చినవాడు జ్ఞానయ్య. ఆయన సంఘపెద్ద. బాయిలో సర్దారు. ఎక్కడో పెద్ద సభలకు పోయి, వచ్చేటప్పుడు ఇంటికి మామిడి తాండ్ర, సంఘానికి ముందు నిర్ణయం వెంట తెచ్చాడు. తాండ్ర ఒక్కరోజులో అయిపోయింది. సిద్ధాంతం మాత్రం ఎంత తిన్నా తరగలేదు.

స్వేచ్ఛా చిత్తం పార్టీకి నాయకుడు మా ఉపదేశి సామ్యేల్. వారమంతా ల్యాంపు రూములో కూర్చుని మా నెత్తులకు దీపాలిస్తాడు, ఆదివారం మా ఆత్మలకు ఇస్తాడు. ఇద్దరికీ పడకుండా పోయాక మా చర్చిలో బెంచీలు కూడా రెండు పార్టీలయ్యాయి. కిటికీ వైపు ముందు నిర్ణయం, తలుపు వైపు స్వేచ్ఛా చిత్తం. పాట ఎత్తుకుంటే కిటికీ వైపు వాళ్లు ఒక చరణం ముందుండేవారు. అది కూడా నిర్ణయమే అన్నారు!

ఇక్కడ సర్దారు పని ఏమిటో చెప్పాలి. షిఫ్టు మొదలయ్యాక సర్దారు చేతికర్రతో మా తలల మీది కప్పును కొట్టి చూడాలి. గట్టి చప్పుడొస్తే పని చేసుకోవచ్చు. డొల్ల చప్పుడొస్తే అందరూ బయటికి రావాలి, దుంగలు నిలబెట్టి కప్పును ఆపిన తర్వాతే లోపలికి పోవాలి. అంతే పని. చెవి ఒకటి, కర్ర ఒకటి ఉంటే చాలు.

ఒకప్పుడు జ్ఞానయ్య ఈ పని బాగానే చేసేవాడు. సిద్ధాంతం ముదిరాక చేతికర్రకు వేరే ఉద్యోగం దొరికింది. పట్టాల మీద బొగ్గు మోసే టబ్బు మీద కూర్చుని, ఆ కర్రతో గాల్లో పొడుస్తూ ఎదురు పార్టీవాళ్లకు జవాబులు చెప్పేవాడు. ఎంత గొప్ప మార్పు! కప్పును కొట్టే కర్ర మనుషుల అజ్ఞానాన్ని కొట్టడం మొదలుపెట్టింది.

ఇక కొమురెల్లి. టబ్బుల్లో బొగ్గు నింపే మనిషి. ఊరు రామగిరి పక్కన. భార్య యేసమ్మ చర్చి మనిషి కాబట్టి ఆమె వెనక వచ్చి తలుపు దగ్గర కూర్చునేవాడు. బాప్తిస్మం లేదు.

"మారుమనస్సు ఎప్పుడు పొందుతవు కొమురెల్లీ?" అని ఉపదేశి అడిగేవాడు.

"ఈ బతుకమ్మ పండుగ పోనియ్యుండ్రి అయ్యగారు."

"ఎన్ని పండుగలు పోవాలె నాయనా?"

"నువ్వు అడుగుడేంది అయ్యగారు!" అని సర్దారు అడ్డం వచ్చేవాడు. "ఆని పేరుంటే ఆడే వస్తడు. లేకుంటే నువ్వు గుంజినా రాడు."

కొమురెల్లికి ఈ మాట ఎంత నచ్చిందో! ఒకాయన పిలుస్తున్నాడు, ఇంకొకాయన సెలవిస్తున్నాడు. సెలవు ఎవరు వద్దంటారు?

ఆ రోజు రెండో షిఫ్టు. కొమురెల్లి, అతని జోడీ మొగిలి ఒకచోట బొగ్గు నింపుతున్నారు. సర్దారు కాస్త వెనకాల టబ్బు మీద కూర్చుని ఎవరికో సిద్ధాంతం విప్పి చెబుతున్నాడు. తర్వాత జరిగిన మాటలు మొగిలి చెప్పినవి.

"సర్దారన్నా, జర కప్పు కొట్టి సూడరాదే. నిన్నటిసంది సప్పుడు మంచిగ లేదు" అన్నాడు కొమురెల్లి.

"నీ గడియ రాసి ఉంటే కొట్టినా పడ్తది. లేకుంటే కొట్టకున్నా పడది. ఫికర్ జెయ్యకు. టబ్బు నింపు."

కొమురెల్లి టబ్బు నింపాడు. కప్పు పడింది.

మేము పరుగెత్తి పోయేసరికి నడుము దాకా మనిషి కనిపిస్తున్నాడు. ఒక కాలు బండ కింద ఉంది. పైనుంచి ఇంకా మట్టి రాలుతోంది. అయ్యలారా, అక్కడ మా ఉపదేశి ఎన్నో ఏళ్లు పిలిచినా రాని మారుమనస్సు వచ్చింది! కొమురెల్లి గొంతెత్తి తన పాపాలన్నీ ఒప్పుకోవడం మొదలుపెట్టాడు. కల్లు ఒప్పుకున్నాడు. యేసమ్మను కొట్టింది ఒప్పుకున్నాడు.

"సమ్మవ్వ కోడిని పిల్లి ఎత్కపోలే దేవా! నేనే కోసుకొని తిన్న!"

సమ్మవ్వ మొగిలి తల్లి. బండ కింద గడ్డపార పెట్టి లేపుతున్న మొగిలి ఆగిపోయాడు.

"ఓరి బావా! నువ్వా తిన్నది? మా అవ్వ పిల్లిని సంపుతనని కర్ర పట్టుకొని తిరిగిందిరా!"

"తప్పయింది బావా! జల్ది లేపు!"

"లేపుతగని, ఇంకేమన్న ఉంటే గిప్పుడే చెప్పు. మళ్ల బయటికొస్తే చెప్పవు!"

అందరూ కలిసి లేపారు. కొమురెల్లి బతికాడు. కాలు మాత్రం నుజ్జయింది. దవాఖానలో డాక్టరు చూసి ఇక టబ్బు నింపే పని చేయలేడని చెప్పేశాడు. ఇప్పుడు కంపెనీ విచారణలో తేలవలసింది ఒక్కటే. తప్పు సర్దారుదని తేలితే కొమురెల్లికి పైన కూర్చుండి చేసే పని దొరుకుతుంది. తప్పు కొమురెల్లిదే అని తేలితే నౌకరీ పోతుంది, దానితో క్వార్టరూ పోతుంది.

మా సంఘం ఇలాంటి చిన్న విషయాలు పట్టించుకుంటుందా? మా ముందు అసలు ప్రశ్న ఉంది: బండ కింద పొందిన మారుమనస్సు చెల్లుతుందా, చెల్లదా?

చెల్లుతుందని ఉపదేశి. "ఆ నోరు ఎవరిది? కొమురెల్లిది! ఆ మాట ఎవరు పలికిండ్రు? కొమురెల్లి! ఇది స్వేచ్ఛా చిత్తం కాక ఏంది?"

సర్దారు లేచాడు. "కాలు మీద బండ ఉన్నోనికి స్వేచ్ఛ ఎక్కడిదయ్యా? నేను సాక్ష్యం చెప్తున్న, ఇనుండ్రి. ఆ రోజు కప్పు కొట్టి సూడుమని ఆడు నన్ను అడిగిండు. నేను కొట్టలే! కొడ్తే ఆడు బయటికొచ్చెటోడు, మారుమనస్సు పొందకపోయెటోడు. నన్ను కొట్టనియ్యంది ఎవరు? దేవుడే! ఇంతకన్న రుజువు ఏం గావాలె?"

కిటికీ వైపు బెంచీలన్నీ "స్తోత్రం!" అన్నాయి. వాదన అంత బలమైనది! నాకు తెలిసి, డ్యూటీ ఎగ్గొట్టినందుకు స్తోత్రం అందుకున్న సర్దారు ఈయన ఒక్కడే.

ఆడవాళ్లలోంచి యేసమ్మ లేచి నిలబడింది. "సర్దారన్నా, పడే బండను దేవుడు రాసిపెట్టిండు. మరి నీ చేతుల కర్రను ఎవరు రాసిపెట్టిండ్రు?"

ఆరాధన మధ్యలో ఆడమనిషి మాట్లాడవచ్చునా, కూడదా అని వెంటనే ఇంకో చర్చ మొదలైంది. దానికి రెండు పార్టీలూ బాగా ఉత్సాహం చూపాయి.

కొన్నాళ్లకు విచారణ వచ్చింది. ఆఫీసరు కుర్చీలో కూర్చున్నాడు. సర్దారు ముందు నిలబడ్డాడు. నేను ఆశపడ్డాను. ఇంత పెద్ద సిద్ధాంతం ఒక ఆఫీసరు చెవిన పడబోతోంది కదా! మరి ఏమైందో తెలుసా?

"కప్పు కొట్టి సూసిన సార్. డొల్ల సప్పుడొచ్చింది. పోవద్దన్న. నా మాట ఇనకుంట ఆడే పోయిండు సార్, ఆని ఇష్టంతోని!"

ఆని ఇష్టంతోని! ఎంత మారుమనస్సు, చూశారా! ముందు నిర్ణయానికి స్తంభంలాంటి మనిషి ఒక్క కుర్చీని చూడగానే స్వేచ్ఛా చిత్తంలో కలిసిపోయాడు!

మొగిలి జరిగింది జరిగినట్టు చెప్పాడు. జోడీ మనిషి జోడీ వైపే చెబుతాడని ఆఫీసరు ఆ మాట తీసిపారేశాడు. అప్పుడు యేసమ్మ ఉపదేశి ఇంటికి ఉరికింది.

"అయ్యగారు, సర్దారన్న చర్చిల అందరి ముంగట అన్నడు గద, కప్పు కొట్టలేదని. ఆ ఒక్క మాట వచ్చి చెప్పుండ్రి. మా బతుకు నిలబడ్తది."

చర్చి మీదికి కొత్త రేకులు జ్ఞానయ్య పూనుకుని వేయిస్తున్న రోజులవి.

"మన చేతుల ఏముందమ్మా యేసమ్మా. అంతా దేవుని ఏర్పాటు" అన్నాడు ఉపదేశి.

చూశారా! సర్దారు వదిలేసిన సిద్ధాంతం నేల పాలు కాకుండా ఉపదేశి అందుకున్నాడు! ఇక మిగిలిన సంఘం సంగతి అడగకండి. ఆ ఆదివారం సర్దారు ఏమన్నాడో రెండు వైపుల బెంచీల్లో ఒక్కరికీ గుర్తు రాలేదు. బాయి పని అలసట. ప్రసంగమప్పుడు కునుకు రావడం సహజమే కదా!

తప్పు కొమురెల్లిదే అని తేలింది. నౌకరీ పోయింది. క్వార్టరు ఖాళీ చేయమన్నారు.

ఊరికి పోయే ముందు ఆదివారం కొమురెల్లి చంకకర్రల మీద వచ్చి తలుపు దగ్గర కూర్చున్నాడు. మా ఉపదేశి ప్రసంగం మంచి పదును మీద ఉంది. చివర కళ్లు మూసుకుని పిలుపిచ్చాడు: "ఈ దినం తన పాపాన్ని ఒప్పుకుని మారుమనస్సు పొందాలనుకున్నవారు ముందుకు రావాలె. ఎవరైనా ఉన్నరా?"

అందరూ తిరిగి కొమురెల్లి వైపే చూశారు.

"నన్నేం జూస్తరు?" అన్నాడు కొమురెల్లి. "నా వంతు బండ కిందనే అయిపాయె. ఇగ మిగిలినోళ్లను పిలువుండ్రి అయ్యగారు."

ఉపదేశి మళ్లీ పిలిచాడు. ఈసారి గొంతు కాస్త తగ్గింది. ఎవరూ లేవలేదు. జ్ఞానయ్య ముందు బెంచీలో, కొత్త రేకుల కింద, రాతిలాగా కూర్చుని ఉన్నాడు. యేసమ్మ మొగుణ్ణి లేపి పట్టుకుని బయటికి నడిపించుకుపోయింది.

అయినా సర్దారును తప్పు పట్టడానికి నేనెవరిని? మారుమనస్సు మనిషి ఇష్టమైతే ఆయనకు ఇష్టం పుట్టలేదు. దేవుడు లాగితేనే వచ్చేదైతే దేవుడు ఇంకా లాగలేదు. ఏ సిద్ధాంతంలో చూసినా ఆయన తప్పు లేదు! కొమురెల్లిని లాగిన పద్ధతిలోనే లాగాలంటే దేవుడు మళ్లీ ఒకసారి కప్పును పడగొట్టాలి. పడగొడతాడేమో కూడా. కానీ ఆ రోజు దాని కింద సర్దారు ఉండడు. టబ్బు నింపుతూ మేముంటాం.